సరంగు దెయ్యానికి నూనె

పోయిన ఆదివారం బీచ్ రోడ్డు వెనక సందులో కొత్తగా తెరిచిన ఒక కాఫీ హోటల్‌కి వెళ్ళాను. మా ఎదురింటి కిరణ్ చాలా రోజులుగా పిలుస్తున్నాడు. "ఆంటీ, మీరు చదువుకునే రోజుల్లో ఈ ఆట ఆడేవారన్నారు కదా, ఒకసారి వచ్చి చూడండి" అని. వెళ్ళి చూస్తే బల్ల చుట్టూ నలుగురు పిల్లలు. పిల్లలంటున్నాను గాని ఇద్దరికి గడ్డాలున్నాయి. బల్ల మీద రంగురంగుల పాచికలు, వేలెడంత బొమ్మలు, కాఫీ కప్పులు. కిరణ్ పలక లాంటి యంత్రం చేతిలో పట్టుకుని గొంతు బరువు చేసుకుని చదువుతున్నాడు: "బయట మంచు కురుస్తోంది. మీరంతా సత్రంలో చలిమంట చుట్టూ కూర్చున్నారు." కిటికీ బయట మే నెల ఎండకి కాకి నోరు తెరుచుకుని కూర్చుంది. నా పక్కనున్న అమ్మాయి మెడ మీద చెమట తుడుచుకుని, "నేను నా ఉన్ని కోటు తొడుక్కుంటాను" అంది.

ఈ ఆట తెలియని వాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. ఎవరేం చేస్తారో నోటితో చెబుతారు, జరుగుతుందో లేదో అనుమానం వస్తే పాచిక తేలుస్తుంది. నడిపేవాళ్ళ కోసం తయారు కథలు పుస్తకాలుగా అచ్చువేసి అమ్ముతారు. ఒక్కో పుస్తకం ఒక్కో సాహసం. "మాది శాండ్‌బాక్స్ ఆంటీ" అన్నాడు కిరణ్ గర్వంగా. అంటే ముందే రాసిపెట్టిన దారి ఉండదు. ఒక పటం ఉంటుంది, పాత్రలు వాళ్ళకి తోచిన వైపు వెళ్తాయి, వెళ్ళిన చోట ఏదో ఒక సాహసం ఉండేలా నడిపేవాళ్ళు ఆ అచ్చు కథల్ని పటం మీద అక్కడక్కడ నాటుకోవాలి. మాకు ఆ ఇంగ్లీషు మాట తెలీదు. మేము తిరుగుడు అనేవాళ్ళం. నాటడమంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవడం కాదని మాత్రం మాకు మొదటి నెలలోనే తెలిసింది. కథ కొనుక్కోవడంలో తప్పులేదు. కొన్న చొక్కా చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే మడత కూడా పెట్టకుండా తిరిగేవాణ్ణి చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మాది ఉక్కునగరంలో క్వార్టరు. నాన్న ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇంటిని నానమ్మ నడిపేది. గాలి ఫ్యాక్టరీ వైపు నుంచి తిరిగిందంటే నానమ్మ ముక్కుకి ముందు తెలిసేది, మసిబొగ్గు వాసన మాకు అందేలోపే తీగ మీద బట్టలు తీసేసేది. అయినా నాన్న తెల్లచొక్కాలకి ఎప్పుడూ ఇనప ఖనిజం దుమ్ముతో ఒక ఎర్రటి ఛాయ ఉండేది. ఆదివారం ఉదయం ఆ చొక్కాల్లో ఒకటి తొడుక్కుని ఆయన ముందు గదిలో హేతువాద సభ పెట్టేవాడు. గది మధ్యలో మద్దికర్ర బల్ల ఒకటి, కదిలించాలంటే నలుగురు కావాలి. ఆ బల్ల మీద నాన్న బాబాల మహిమలన్నీ చేసి చూపించి, వెంటనే వాటి గుట్టు విప్పేవాడు. దానికి కావలసిన సరంజామా ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేది: విభూతి ఉండలు, సన్నటి తీగ, చేతి అద్దం, పర్మాంగనేటు, గ్లిజరిన్ సీసా. ఆ రెండూ కలిస్తే అగ్గిపుల్ల లేకుండా మంట లేస్తుంది. చివరికి కర్పూరం వెలిగించి నాలుక మీద పెట్టుకుని, "ఇందులో మహిమ లేదు, ఉమ్మి తడి ఉంది" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. గుమ్మంలో కూర్చుని చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతున్న నానమ్మ, ఆ నిప్పు తీయకుండానే, "నాను రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎట్టుకుంతన్నాను, నాకొక్క దండ ఏసినోడు లేడు" అనేది.

నాన్న నాకు ప్రగతి అని పేరు పెట్టాడు. నానమ్మ ఆ పేరు బడి రిజిస్టరుకి వదిలేసి, నన్ను పైడమ్మ అని పిలిచేది. ఆనందపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. మనవరాలికి అమ్మవారి పేరు లేకపోతే ఆవిడకి నిద్ర పట్టేది కాదు. ఈ రెండు పేర్ల మధ్య పెరిగినదాన్ని నేను.

ఆట మా ఇంటికి ఓడ మీద వచ్చింది. ఇంటర్‌లో నా క్లాసులో రహీమ్ ఉండేవాడు. వాళ్ళ నాన్న ఖాదర్ భాయ్‌కి పాతపట్నంలో, రేవు పక్కన, ఓడ సామాన్ల కొట్టు. ఓడలవాళ్ళు వదిలించుకున్న తాళ్ళు, లాంతర్లు, పింగాణీ పళ్ళేలు, దుప్పట్ల మధ్య అట్టపెట్టెలో ఆ ఆట పుస్తకాలు దొరికాయి. ఖాదర్ భాయ్‌కి ఇంగ్లీషు రాదు. కానీ పరీక్షించకుండా ఏ సరుకూ కొట్టు దాటనిచ్చేవాడు కాదు. తాడు అయితే లాగి చూసేవాడు, లాంతరు అయితే వెలిగించి చూసేవాడు, పుస్తకం అయితే, "ముందు కహానీ సెప్పు" అని స్టూలు జరిపేవాడు. మేము అక్కడే నిలబడి చదివి, తెలుగులో కథ చెప్పాలి. ఒకదాంట్లో చివరికి పాత్రలన్నీ గుహలో చచ్చిపోతాయని రహీమ్ చెబితే ఆ పుస్తకం తీసి గుడ్డల కింద పడేశాడు. "అందరూ సచ్చిపోతే రెండోది కొనడానికి ఎవడొత్తాడ్రా? ఇది ఖరాబు మాల్." ఇప్పుడు పుస్తకాలకి విమర్శలు రాసేవాళ్ళలో ఇంత స్పష్టత ఉన్నవాళ్ళని నేను తక్కువగా చూశాను.

నేను నడిపేదాన్ని. రహీమ్ దొంగ పాత్ర. మా క్వార్టర్ల వెనకే ఉండి ఫ్యాక్టరీలో అప్రెంటిస్ చేస్తున్న అప్పలరాజు వీరుడు. వాడిది ఎలమంచిలి వైపు, చెరకు పండించే ఇల్లు. పాచికలు పెట్టెలో లేవు, ఏ సముద్రంలో పడిపోయాయో. క్లబ్బులో అరిగిపోయిన హౌసీ బిళ్ళలు తెచ్చుకుని, ఒకటి నుంచి ఇరవై దాకా గుడ్డసంచిలో వేసి తీసుకునేవాళ్ళం. ఇక పుస్తకాల సంగతి. తోడేళ్ళు నక్కలయ్యాయి. బార్లీ చేలు చోడి చేలయ్యాయి, అంటే రాగి చేలు. సారా సత్రం టీబడ్డీ అయింది, ఎందుకంటే నాన్న మద్యపాన వ్యతిరేకి, ఇంట్లో ఊహకి కూడా కల్లు పోయడానికి వీల్లేదు. మంచు తుఫాను అచ్చంగా తుఫానే అయింది, దానికి మాకు బొమ్మలు అక్కర్లేదు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టినవి నేలమాళిగలు. ఆ దొరల కథల్లో ప్రతి కోట కింద ఐదంతస్తుల చీకటి గదులుంటాయి. "మా ఇంటికాడ రెండు గజాలు తవ్వితే ఉప్పునీళ్ళు" అన్నాడు రహీమ్, "ఐదంతస్తులు తవ్వినోడు ఎవడు, సేపా?" దాంతో నేలమాళిగ మొత్తం తిరగేసి, ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన పెద్ద ఓడ కడుపులో పెట్టాను. ఏ గదీ మార్చలేదు, తలుపులు మాత్రం ఇనుపవి అయ్యాయి. అప్పలరాజు తన పాత్రకి సుత్తి తీసుకున్నది ఆ రోజే.

ఇలా హాయిగా సాగుతుండగా ఒక ఆదివారం, సభ ముగించి రెండో షిఫ్టుకి వెళ్ళిన నాన్న డ్యూటీ మార్చుకుని మధ్యాహ్నమే తిరిగొచ్చాడు. సరిగ్గా అప్పలరాజు బల్ల మీదకి వంగి, "దెయ్యాన్ని మంతరంతో కట్టేత్తన్నాను, బిళ్ళ తియ్యు" అంటున్నాడు. నాన్న టిఫిన్ క్యారియరు కింద పెట్టకుండానే అడిగాడు.

"నా బల్ల మీద మంత్రమా?"

"ఆట నాన్నా."

"చేతబడి చేసేవాడు కూడా మొదట ఆటే అంటాడు. ఉదయం ఇక్కడ దెయ్యం లేదని నిరూపించాను. మధ్యాహ్నానికి దాన్ని మంత్రంతో కట్టేస్తున్నారు. కట్టాలంటే ఉండాలి కదా?"

"సార్, ఉన్నాదనుకుని ఆడతన్నాం" అన్నాడు అప్పలరాజు.

"ప్రపంచంలో అన్ని మూఢనమ్మకాలూ ఉన్నాదనుకునే మొదలయ్యాయి. రేపటి నుంచి ఈ బల్ల మీద ఇది వద్దు."

నేను ఊరుకోలేదు. ఊరుకోకూడదని నేర్పింది ఆయనే. ఆడపిల్లలకి ఇంటి గోడల అవతల ప్రపంచం చూపించాలని పోయిన నెలే సభలో మాట్లాడారు కదా అన్నాను. "ప్రపంచం చూపించమన్నాను, పరలోకం కాదు" అన్నాడు. ఆ మాట బాగా వచ్చిందని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. నా లెక్క మాత్రం వేరు. ఈ బల్ల పోతే ఆట పోదు, నేను పోతాను. రహీమ్ వాళ్ళ డాబా మీద ఆడుకుందామని మగపిల్లలిద్దరూ అప్పుడే కళ్ళతో మాట్లాడుకుంటున్నారు. పాతపట్నానికి రెండు బస్సులు మారాలి. నాన్న వేదిక మీద స్త్రీ స్వేచ్ఛ గురించి ఎంతసేపైనా మాట్లాడగలడు, చీకటి పడ్డాక నేను బస్సెక్కడం గురించి మాత్రం ఆయనకి ఎప్పుడూ బస్సుల మీద అభ్యంతరాలుండేవి. నా పటం, నా ఊళ్ళు, నా ఇసుకలో ఓడ అన్నీ ఇంకొకరు నడుపుతారు. నేను ఇంట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తాను. చివరికి, ఆడకుండా తీర్పు చెప్పడం ఏ తర్కం ప్రకారం న్యాయం అని అడిగాను. అది ఆయన బలహీనత. "సరే. వచ్చే ఆదివారం నేనూ ఆడతాను. కారణం లేని పని ఒక్కటి జరిగినా, ఈ బల్ల మీద ఆట ఆఖరు" అన్నాడు.

ఆ వారమంతా నేను పెట్టెలో పుస్తకాలు గాలించాను. ఒకదాంట్లో మంచుకొండ మీద గంటస్తంభం, రోజూ గంట కొట్టే సన్యాసి దెయ్యం, కింద గడగడలాడే పల్లె. అది తీసుకున్నాను. గంటస్తంభాన్ని సముద్రపు ఒడ్డున దీపస్తంభం చేశాను. సన్యాసిని మునిగిపోయిన పడవని నడిపిన సరంగు చేశాను. చనిపోయిన సరంగు రోజూ సాయంత్రం వచ్చి దీపం వెలిగిస్తాడని ఊరి నమ్మకం. ఇక దెయ్యాన్ని మనిషి చెయ్యాలి. నాన్న బిస్కెట్ల డబ్బా ఉండగా నాకు కొరత ఏముంది? ఒక దొంగస్వామి, అద్దం, తీగ, పర్మాంగనేటు, గ్లిజరిన్. దెయ్యం శాంతించాలంటే ఇంటికో గిద్దెడు నూనె ఇవ్వమని ఊరివాళ్ళని బెదిరించి, కొంత దీపంలో పోసి మిగతాది సంతలో అమ్ముకుంటాడు. ఎక్కడా కారణం లేని పని లేదు. నాన్న మెచ్చుకుని తీరుతాడనుకున్నాను.

ఆదివారం నాన్న కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. వీరుడు, మాంత్రికుడు, దొంగ, ఏది కావాలంటే, "వీళ్ళలో చదువుకున్నవాడు లేడా?" అన్నాడు. చివరికి ఉపన్యాసకుడు అనే కొత్త పాత్ర రాసుకున్నాడు.

"అంకుల్, కత్తి తీసుకోండి" అన్నాడు రహీమ్.

"నా కత్తి ప్రశ్న."

"పులొస్తే?"

"పులిని ఎందుకు ప్రశ్నిస్తాను, పారిపోతాను. అదే హేతుబద్ధం."

దీపస్తంభం గురించి నేను రెండు వాక్యాలు చెప్పానో లేదో, నాన్న చెయ్యెత్తాడు. మంట ఊదారంగులో లేచిందా అన్నాడు. లేచిందన్నాను. "పర్మాంగనేటు, గ్లిజరిన్. పైన అద్దం వెతకండి. స్వామి మెట్ల వెనక ఉంటాడు." ఉన్నాడు. నానమ్మ టీ పెట్టేలోపు నా వారం రోజుల కష్టం అయిపోయింది. స్వామి వాళ్ళ కాళ్ళకి దండం పెట్టి పారిపోయాడు. అప్పలరాజు సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టు దిగాలుగా కూర్చుని, "ఏటి బావా, ఒక్కడ్ని కూడా కొట్టనేదు" అన్నాడు రహీమ్‌తో. రహీమ్ గోడ గడియారం వైపు చూశాడు. నాన్న ఆటని తప్పుపట్టడం లేదు, కానీ ఆవులిస్తున్నాడు. ఆవులింత తీర్పు కంటే ప్రమాదమని నాకు అప్పుడు అర్థమైంది.

"ఊరివాళ్ళని పిలువు, నిజం చెప్పాలి" అన్నాడు నాన్న. ఊరివాళ్ళ గొంతులన్నీ నేనే మాట్లాడి అలసిపోయి ఉన్నాను. గుమ్మంలో నానమ్మ కనిపించింది.

"నానమ్మా, నువ్వు ఈ ఊళ్ళో ముసలమ్మవి. వీళ్ళేదో చెబుతారు, నీకు తోచింది అను."

"నాను ముసల్దాన్నే గదే, ఇందులో ఆటేటుంది?" అంది, పొగ వదులుతూ. కానీ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఆవిడ కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. తుడవడమే చూశాను.

నాన్న లేచి నిలబడ్డాడు. అద్దం, తీగ, రసాయనాలు అన్నీ వరసగా వివరించాడు. సభలో చెప్పినంత బాగా చెప్పాడు. "కాబట్టి అమ్మా, దెయ్యం లేదు. ఇంక మీరు ఎవరికీ భయపడి నూనె ఇవ్వక్కర్లేదు."

నానమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. సొంత కొడుకుతో ఎప్పుడూ అననంత మర్యాదగా, "మంచి మాట సెప్పేవు బాబూ. మరైతే ఇయ్యాల దీపం ఎవులెలిగిత్తారు?" అంది.

"దీపమా?"

"మా ముసలోడు, మా కుర్రగుంటలు పడవల మీద ఎల్లేరు. ఆ దీపం సూసుకునే గదా ఒడ్డుకొత్తారు. దొంగోడైతే అయ్యేడు, ఎలిగించేవోడు. నువ్వు ఆడ్ని తరిమేసేవు."

"అది గవర్నమెంటు చూసుకుంటుందమ్మా."

"ఏ గవుర్మెంటు బాబూ?"

నాన్న నా వైపు తిరిగాడు. "ఈ రాజ్యంలో దీపస్తంభాల శాఖ ఉందా లేదా?"

ఉందనేస్తే అయిపోతుంది. నాన్న గెలుస్తాడు, సంతోషంగా బల్ల ఇచ్చేస్తాడు. కానీ పటం గీసింది నేను. ఆ తీరంలో రాజు మనిషి అంటూ ఎవడైనా ఉంటే పన్ను వసూలుకి వచ్చేవాడే. "లేదు" అన్నాను. "ఎప్పుడూ లేదు."

నాన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత నానమ్మ వైపు తిరిగి, "అయితే మీరే కమిటీ వేసుకోండి. ఇంటింటికీ చందాగా నూనె పొయ్యండి" అన్నాడు.

"దెయ్యం ఉన్నాదంటే పోసేవోరు. లేదని నువ్వే సెప్పేవు గదా, ఇంక ఎవుడు పోత్తాడు? కమిటీ అంతన్నావు. బాబూ, మీ ఊళ్ళో ఆదివారం ఆదివారం ఒక సభ అవుతాదంట. కమిటీ కూడా ఉందంట. సభ అయిపోయినాక కుర్సీలు ఎవులు ఎత్తుతన్నారు?"

అప్పలరాజు సుత్తి లేని చేతితో నోరు మూసుకున్నాడు. రహీమ్ బల్ల కిందకి వంగి హౌసీ బిళ్ళ వెతుకుతున్నట్టు నటించాడు. నాన్న కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. వాదంలో ఆయన ఆగడం నేను చూడటం అదే మొదలు. ఇంట్లో నానమ్మతో వాదన వచ్చినప్పుడల్లా, నీకు తెలీదులే అమ్మా, అని లేచిపోయేవాడు. ఆ రోజు లేచిపోతే ఊరి పడవలు మునిగిపోతాయి. చివరికి కుర్చీ లాక్కుని కూర్చుని, "నా పాత్ర నూనె మోసుకుని మెట్లెక్కుతాడు. ఈ రాత్రికి నేను వెలిగిస్తాను" అన్నాడు.

"రేపో?" అంది నానమ్మ.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చిన నాన్న క్యారియరు గిన్నెలు విప్పుతూ వంటింట్లో నుంచి అరిచాడు. "ప్రగతీ, ఆ ఊరివాళ్ళని అలా వదిలేస్తే హేతువాదానికి పరువుండదు. వచ్చే ఆదివారం ఇక్కడి నుంచే మొదలుపెట్టు." బల్ల గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మేము చదువులు ముగించేదాకా ఆ ఆట ఆ బల్ల మీదే నడిచింది. రహీమ్, అప్పలరాజు పటమంతా తిరిగారు, సుత్తికి కావలసినంత పని దొరికింది. నాన్న పాత్ర మాత్రం ఆ ఊరు దాటలేదు. వారం వారం నూనె మోసేది. మధ్యలో నేను పుస్తకాలు మార్చి మార్చి ఎన్ని సాహసాలు ఎర వేసినా, "దీపం ఎవరు చూస్తారు?" అనేవాడు. ఒక ఆదివారం నానమ్మ పాత్ర కొబ్బరికాయ పట్టుకుని స్తంభం దగ్గరికి వచ్చింది. ఎందుకమ్మా అన్నాడు నాన్న. "జీతం నేదు, బత్తెం నేదు, రోజూ సాయంత్రం ఎక్కి దీపం ఎట్టి ఎల్లిపోతన్నాడంట. మనిసన్నోడు అలాటి పని సేత్తాడేటి? సరంగు మల్లీ వొచ్చేడని ఊరంతా అంతన్నారు." ఆ వారం నుంచి ఇంటికో గిద్దెడు నూనె మెట్ల దగ్గరికి రావడం మొదలైంది. నాన్న ఆ ఊళ్ళో నేను మనిషినేనని ఎన్ని ఉపన్యాసాలిచ్చాడో లెక్కలేదు. ప్రతి ఉపన్యాసం తర్వాత నూనె ఎక్కువ వచ్చేది. ఇంట్లో ఒక్క మార్పు వచ్చింది. సభ అయ్యాక కుర్చీలు ఆయనే ఎత్తేవాడు.

నాన్న, నానమ్మ ఇద్దరూ పోయి చాలాకాలమైంది. క్వార్టరు ఖాళీ చేసినప్పుడు బల్ల గుమ్మంలో పట్టక, ఎలా లోపలికి తెచ్చారో ఎవరికీ గుర్తులేక, అక్కడే వదిలేశాం. ఆ రోజులే మంచివని నేననను. ఆ మాట అనేవాళ్ళతో పోట్లాడుతూనే నా జుట్టు నెరిసింది. కిరణ్‌కి ఏ పుస్తకం కావాలన్నా క్షణంలో దొరుకుతుంది, నా పక్కనున్న అమ్మాయి ఏ వేళకైనా ఆటోలో ఇంటికి వెళ్తుంది, తన ఆటోల మీద ఎవరికీ అభ్యంతరాలు లేవు. ఇవి మంచివి. కానీ కొనబోయే కథని ముందు చెప్పి వినిపించమనే ఖాదర్ భాయ్ లేడు, కథలో ఊరి తరఫున కూర్చునే ముసలమ్మ లేదు. అందుకే మే నెలలో ఉన్ని కోట్లు.

ఇదంతా చెబితే కిరణ్ పలక పక్కన పెట్టి, "ఆంటీ, ఆ దీపస్తంభాన్ని మా మ్యాప్ మీద పెట్టుకోవచ్చా?" అన్నాడు. పెట్టుకో, మంచు తీసెయ్యి, ముసలమ్మ పాత్ర మాత్రం నాకివ్వు అన్నాను. కథ మొత్తం విన్న పిల్లలే కదా, నేరుగా మెట్లెక్కి, స్వామిని పట్టుకుని, అద్దం పీకేశారు. గడ్డం కుర్రాడు కాఫీ చివరి గుక్క తాగి, పాచికలు సంచిలో వేసుకోబోతూ, "అయిపోయింది ఆంటీ. మీ నాన్నగారిలా మేం ఇరుక్కోం. దీపం సంగతి గవర్నమెంట్‌కి అప్పజెప్పేసి వెళ్ళిపోతాం" అన్నాడు.

నేను కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాను. నా నోట్లో చుట్ట లేదు, అదొక్కటే లోటు.

"ఏ గవుర్మెంటు బాబూ?" అన్నాను.